పన్నెండు మాటలు, ఒక గవ్వ: క్రిప్టో వాలెట్ తాళం మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉంటూ క్రిప్టో వాలెట్లు, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బుని వాడుకునే యాప్‌లు, పరికరాలు సెట్ చేసి ఇవ్వడం నా పని. వాలెట్‌కి అసలు తాళం సాధారణంగా పన్నెండు ఇంగ్లీషు మాటలు. 2048 మాటల జాబితాలోంచి వస్తాయి, సీడ్ అంటాం. అవి ఎవరి చేతిలో పడితే డబ్బు వాళ్లది. పోతే తిరిగి ఇచ్చే బ్యాంకు మేనేజరు ఎవరూ లేరు.

అపోహ: మనసుకి తోచిన మాటలు ఎవరు కనిపెడతారు?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావ సరిగ్గా ఇదే అన్నాడు. "జాబితా చూసి రాండమ్‌గానే ఏరాను కదరా" అని చీటీ చూపించాడు. ఓషన్, గోల్డ్, మదర్, మూన్... అన్నీ చటుక్కున మనసులో మెదిలేవే. మనందరికీ అవే మెదులుతాయి, దొంగలు మొదట ప్రయత్నించేదీ వాటినే. పైగా చివరి మాటలో సరిచూసుకునే లెక్క ఉంటుంది, చేత్తో ఏరిన పన్నెండు మాటలు పదహారింట ఒక్కసారే చెల్లుతాయి. ఆయన చివరి మాట మార్చి మార్చి సరిపెట్టాడట. అందులో రూపాయి కూడా వేయొద్దన్నాను.

అపోహ: గవ్వలు, నాణేలు చిన్నపిల్లల ఆట, వాటితో తాళం ఏమిటి?

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. మా అమ్మమ్మ అష్టాచెమ్మా ఆడిన గవ్వల్లో ఒకటి నా దగ్గరుంది. బోర్లా పడితే 0, వెల్లకిలా పడితే 1. పదకొండు అంకెలు కలిపితే జాబితాలో ఒక మాట నంబరు. మొత్తం 128 అంకెలు కావాలి. మొదటి పదకొండు మాటలకి 121 సరిపోతాయి, మిగిలిన ఏడూ పన్నెండో మాటలోకి వెళ్తాయి. ఆ మాటలో మిగతా నాలుగు అంకెలూ ఇందాక చెప్పిన సరిచూసుకునే లెక్కవి.

గవ్వ ఒకవైపే ఎక్కువ పడుతుందన్న అనుమానం న్యాయమైనదే. దానికి విరుగుడు 1951లోనే గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ చెప్పాడు. ఒకే గవ్వని బాగా కుదిపి రెండేసి సార్లు వేయాలి. రెండుసార్లూ ఒకేలా పడితే కొట్టేయాలి. బోర్లా తర్వాత వెల్లకిలా పడితే 0, వెల్లకిలా తర్వాత బోర్లా పడితే 1. గవ్వ ఎటు మొగ్గినా ఈ రెండు వరుసలూ పడే అవకాశం సమానం. కాకపోతే ఐదు వందలకి పైనే వేయాల్సి వస్తుంది. ఓ మధ్యాహ్నం పడుతుంది, చేయి నొప్పెడుతుంది. అంత ఓపిక లేకపోతే ఆరు ముఖాల మంచి పాచిక 50 సార్లు వేసినా చాలు.

నోటు పుస్తకంలో రాస్తే కింది పేజీ మీద కూడా అచ్చు పడుతుంది. విడి కాగితం గాజు పలక మీద పెట్టి రాసి, పని కాగానే కాల్చేయండి. చివరి మాట లెక్క ఇంటర్నెట్ లేని పరికరంలోనే చేయాలి.

అపోహ: యాప్ ఇచ్చింది కాబట్టి భద్రమే.

మంచి యాప్ అయితే భద్రమే. కానీ 2023లో లిబ్‌బిట్‌కాయిన్ అనే సాఫ్ట్‌వేర్ టూల్ ఒకటి 128కి బదులు కేవలం 32 బిట్ల (0, 1 అంకెల) యాదృచ్ఛికతతో సీడ్లు ఇస్తోందని బయటపడింది. అంటే సుమారు 430 కోట్ల అవకాశాలే. కంప్యూటర్‌కి అదేమంత పని కాదు, చాలామంది డబ్బుని దొంగలు ఊడ్చేశారు. గవ్వలో అయితే దాచిన లోపం ఉండదు, కళ్లెదుటే పడుతుంది.

అపోహ: కాగితం మీద రాసి బీరువాలో పెడితే సరి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. జెల్ పెన్ను రాత తడిస్తే నీలపు మరకే మిగులుతుంది. స్టీలు పలక మీద అక్షరాల పంచ్‌లతో కొట్టుకోండి. ప్రతి మాటకి మొదటి నాలుగు అక్షరాలు చాలు. గిన్నెల మీద పేర్లు కొట్టే దుకాణానికి మాత్రం తీసుకెళ్లకండి, ఆ మాటలు ఇంకో మనిషి కంట పడకూడదు. ఫోన్‌లో ఫొటో తీయడం, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం అసలే వద్దు.

పలక తయారయ్యాక కొద్ది మొత్తం వేసి, వాలెట్ మొత్తం చెరిపేసి, పలక చూసి మళ్లీ తెరవండి. తెరుచుకుంటేనే మిగతా డబ్బు వేయండి. రెండో పలక వేరే ఊళ్లో నమ్మకమైన వాళ్లింట్లో, సీలు వేసిన కవరులో పెట్టండి.