క్వయర్ అందుకునే ఆ క్షణం

‘ఓ హ్యాపీ డే’ అనే గాస్పెల్ పాటని, అంటే చర్చి భక్తిగీతాన్ని, 1967లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, ఒక చర్చిలోనే రికార్డు చేశారు. డొరతీ మారిసన్ లోగొంతుకతో మొదలుపెడుతుంది, ఎడ్విన్ హాకిన్స్ నడిపిన యువ క్వయర్ (గాయక బృందం) మెత్తగా బదులిస్తుంది. కాసేపటికి గొంతులన్నీ కలిసి ఒక్కసారిగా పైకి లేస్తాయి. చాలామందికి ఒళ్లు పులకరించే చోటు అదే. శబ్దాన్ని తట్టుకోలేనివాళ్లు హెడ్‌ఫోన్స్ లాగేసే చోటు కూడా అదే కావచ్చు. అలా లాగేసినవాళ్లకి పాట నచ్చలేదనుకుంటే అన్యాయం. ఆ పాటని ప్రాణంగా ప్రేమించేవాళ్లూ వాళ్లలో ఉంటారు.

మామూలుగా 100 డెసిబెల్స్ దాకా వెళ్తే గానీ శబ్దం భరించలేనట్టు అనిపించదు. మామూలు శబ్దాలే భరించలేనంతగా అనిపించే స్థితిని హైపర్‌అక్యూసిస్ అంటారు. అది ఉన్నవాళ్లకి అంతకన్నా చాలా తక్కువ శబ్దానికే చెవి పోటు పెడుతుంది. వినికిడి పరీక్షలో అంతా సవ్యంగానే రావచ్చు. అందుకే ఇంట్లోవాళ్లు కూడా నమ్మరు, అది ఇంకో బాధ. చెవి నుంచి అందే సంకేతాలను మెదడు మోతాదుకు మించి పెంచుకోవడమే దీనికి కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

గాస్పెల్‌లో ఇలాంటి చెవులకి అసలు పరీక్ష చప్పట్లు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు మధ్య చెవిలో స్టేపిడియస్ అనే బుల్లి కండరం బిగుసుకుని, లోపలికి వెళ్లే ధ్వనిని కొంత తగ్గిస్తుంది. అయితే బిగుసుకోవడానికి దానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు కావాలి. చప్పట శబ్దం తారస్థాయికి చేరడానికి రెండు మూడు మిల్లీసెకన్లు చాలు. కండరం కదిలేలోపే దెబ్బ పడిపోతుంది. తాళం స్థిరంగా, నాలుగు దెబ్బల్లో రెండోదానికీ నాలుగోదానికీ చప్పట్లు పడుతుంటే మెదడు ముందే సిద్ధమవుతుంది, కాస్త నయం. 1972 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లోని ఒక చర్చిలో అరెతా ఫ్రాంక్లిన్ పాడినప్పటి రికార్డింగు లాంటివి వేరు. అక్కడ జనం ఎప్పుడు కేక వేస్తారో ఎవరికీ తెలియదు. ఆ రికార్డింగుకి ప్రాణం పోసింది ఆ కేకలే, ఉలిక్కిపడేలా చేసేదీ అవే.

తర్వాత గొంతులోని జీర. భావం ఉప్పొంగినప్పుడు గాస్పెల్ గాయకులు గొంతుని కావాలనే గరుకు చేస్తారు. అప్పుడు ధ్వని సెకనుకు కొన్ని పదుల సార్లు వేగంగా హెచ్చుతగ్గులవుతుంది. భయంతో వేసే కేకలోనూ ఉండే గుణం అది, అందుకే మెదడు వెంటనే అప్రమత్తమవుతుంది. పైగా మన చెవి గొట్టం 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనుల్ని సహజంగానే పెంచుతుంది. గొంతెత్తి పాడే పాటలో ఆ ప్రాంతంలో బలం బాగా ఉంటుంది.

కొన్ని చిన్న చిన్న చప్పుళ్లకే తట్టుకోలేని కోపం, చిరాకు వచ్చే మిసోఫోనియా ఉన్నవాళ్ల కథ దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఆ పేరు 2001లో వచ్చింది. క్వయర్ హోరు వాళ్లని ఏమీ చేయకపోవచ్చు. దానికి ముందు, మైకుకి దగ్గరగా నిలబడ్డ గాయని ఊపిరి పీల్చిన చప్పుడు, పెదాలు విడివడిన చిన్న తడి శబ్దం చాలు, ఒళ్లు మండిపోతుంది.

వాల్యూమ్ తగ్గించుకోవచ్చు కదా అంటారు. క్వయర్ భరించగలిగేంత తగ్గిస్తే ఒక్కరే పాడే సోలో వినపడదు. రెండింటి మధ్య తేడాని తగ్గించే నైట్ మోడ్, 3,000 హెర్ట్జ్ దగ్గర కాస్త కోసే ఈక్వలైజర్ ఇంకా మేలు. 1930ల నాటి గోల్డెన్ గేట్ క్వార్టెట్ పాటలూ కొందరికి హాయినిస్తాయి: వాద్యాల హోరు లేదు, నాలుగు గొంతులే. ఆనాటి రికార్డులు హెచ్చు శ్రుతి ధ్వనుల్ని పెద్దగా పట్టుకోలేకపోవడంతో పదునూ తక్కువే. కాకపోతే సూది గీసుకునే సొద అందరికీ పడదు.

రోజంతా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం మాత్రం మంచిది కాదు. రెండు వారాలు అలా పెట్టుకున్నవాళ్లకి శబ్దాలు ఇంకా పెద్దగా అనిపించాయని 2003లో ఒక అధ్యయనం చూపింది. మెల్లగా అలవాటు చేయడమే దారి, అదీ ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) సలహాతో. ఈరోజు సోలో వరకు విని ఆపేయండి. కొన్నాళ్లకి, తక్కువ వాల్యూమ్‌లో, క్వయర్ అందుకున్న ఆ ఒక్క పంక్తి కూడా.