గట్టు మీది ఆకు, మూకుట్లో నూనె: ఇంటి తైలాలు, మలాముల మీద అపోహలు - వాస్తవాలు

తలనూనె, కీళ్ళనొప్పుల నూనె, కాళ్ళ పగుళ్ళకి మలాము మా ఇంట్లో నేనే కాస్తాను. చుట్టాలకి ఇస్తాను, అడిగినవాళ్ళకి నేర్పిస్తాను. గుంటగలగర, వావిలి, గడ్డి చామంతి, వేప, నల్లేరు, ఎక్కువగా వాడేవి ఇవే. ఈమధ్య వీడియోలు చూసి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు, "అక్కా, ఇలా చేస్తే చాలట కదా" అని మొదలుపెడతారు, ఆ "అట"ల్లో కొన్ని నిజంగానే భయం పుట్టిస్తాయి. తరచూ వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పచ్చి ఆకు కోసి సీసాలో నూనె పోసి ఎండలో పెడితే తైలం తయారు.

వాస్తవం: ఎక్కువ నూనెలు పాడయ్యేది ఇక్కడే. పచ్చి ఆకులో చాలా భాగం నీళ్ళే. ఆ నీళ్ళు నూనెలో కలవవు, అడుగున చేరతాయి. అక్కడ బూజు, బాక్టీరియా పెరుగుతాయి, పది రోజులకి మూత తీస్తే పులిసిన వాసన కొడుతుంది, పైగా "అది ఆకు వాసనే" అని సర్దుకుని తలకి రాసుకుంటారు. గాలి తగలని చోట పెరిగే బాక్టీరియా కూడా ఉంటుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్లో నూనెలో నిలవ ఉంచిన వెల్లుల్లి తిని చాలామందికి బోట్యులిజం (ఆ బాక్టీరియా విషంతో నరాలు పట్టు తప్పే జబ్బు) వచ్చింది. అది తిన్న నూనె, మనది రాసుకునేది, నిజమే. కానీ అదే పచ్చివెల్లుల్లి నూనెని నిలవ ఉంచి చెవిలో పోసేవాళ్ళూ, వంటల్లో వేసేవాళ్ళూ మనలో ఉన్నారు.

దారులు రెండు. ఒకటి, ఆకుని నీడలో పూర్తిగా ఎండబెట్టడం. చేత్తో నలిపితే పొడి కావాలి, కాడ వంచితే టక్కున విరగాలి, వంగితే ఇంకా నీళ్ళున్నట్టే. ఆ ఎండాకుని తడిలేని సీసాలో వేసి, ఆకు మీద ఒక అంగుళం తేలేట్టు నూనె పోసి, వేడినీళ్ళ గిన్నెలో ఆ సీసాని పెట్టి సన్నసెగ మీద రెండు మూడు గంటలు ఉంచాలి. ఎండలో పెట్టే పద్ధతి కూడా ఎండాకుతో అయితే పర్వాలేదు.

రెండోది మన పెద్దల పద్ధతి, పచ్చి ఆకు ముద్దని, ఆకు రసాన్నో కషాయాన్నో నూనెలో కలిపి కాచడం. శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో చెప్పిన మామూలు కొలత ప్రకారం ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, కషాయం పదహారు వంతులు. అంటే 50 గ్రాముల ఆకుముద్దకి 200 గ్రాముల నూనె, 800 గ్రాముల కషాయం. ఇంత నీరు ఎందుకురా బాబూ, గ్యాస్ దండగ అనిపిస్తుంది. కానీ నీళ్ళున్నంతసేపూ మూకుట్లో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఆకు మాడదు. నీళ్ళు అయిపోయిన నిమిషం నుంచి వేడి గబగబా ఎక్కుతుంది. ఇక అక్కడి నుంచి ఫోన్ పక్కన పెట్టి మూకుడి దగ్గరే నిలబడాలి. ముద్దని తీసి వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా రావాలి, ఆ వత్తిని మంట మీద పెడితే చిటపటమనకూడదు. చిటపటమంటే తడి ఉంది. ముద్ద నల్లగా మాడి గట్టిపడితే పాకం దాటిపోయింది, ఆ నూనె దేనికీ పనికిరాదు. పాత గ్రంథాల్లో మృదు, మధ్యమ, ఖర అని పాకాలు మూడు చెప్పారు, ఒళ్ళంతా రాసుకునే నూనెకి ఖరపాకం. అంటే ముద్దలో తడి బొత్తిగా లేకుండా, మాడే లోపల దించేది. ఒళ్ళుకి రాసే నూనె ఎక్కువ రోజులు నిలవ ఉండాలి కాబట్టి నాకు ఇది చాలా తెలివైన లెక్కగా కనబడుతుంది.

అపోహ: నూనె ఎంత పచ్చగా ఉంటే అంత పవర్.

వాస్తవం: ఆ పచ్చదనం ఆకుల్లో ఉండే క్లోరోఫిల్. ఏ ఆకు వేసినా వస్తుంది, గోంగూర వేసినా వస్తుంది. ఇనుప మూకుట్లో కాచిన గుంటగలగర నూనె నల్లబడితే అది కూడా బలానికి గుర్తేమీ కాదు. రాగి, ఇనుము నూనె త్వరగా ముక్కవాసన పట్టడానికి తోడ్పడతాయి, ముఖ్యంగా రాగి. నేను స్టీలు గిన్నెలోనే కాస్తాను, ఇనుప మూకుడే కావాలనుకుంటే కాచాక దాంట్లో ఉంచేయకుండా వెంటనే వడకట్టండి.

అపోహ: పైకి రాసుకునేదే కదా, ఏ ఆకైనా ఏమీ కాదు.

వాస్తవం: దీని మీద కాస్త గట్టిగానే చెప్పాలి. చర్మం గోడ కాదు, కొన్నిటిని లోపలికి పంపిస్తుంది. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అతికించే స్కోపొలమైన్ ప్యాచ్ ఉంది, మందు చర్మం గుండానే రక్తంలోకి వెళుతుంది. అదే స్కోపొలమైన్ ఉమ్మెత్తలో ఉంది. మోకాళ్ళ నొప్పులకని ఉమ్మెత్త ఆకుల నూనె కాచి, ఎంత వేయాలో లెక్క లేకుండా ముసలివాళ్ళ ఒళ్ళంతా మర్దన చేస్తే నోరు ఎండటం, గుండె దడ, మతి తప్పి మాట్లాడటం జరగొచ్చు. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే కనుపాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఉమ్మెత్తని నేను ఇంటి తైలాల్లో అసలు వాడను, మీరూ వాడకండి.

జిల్లేడు పాలు కంట్లో పడితే ఇంకో చిక్కు. కొన్నిసార్లు నొప్పే ఉండదు, చూపు మాత్రం మసకబారుతుంది, నొప్పి లేదు కదా అని డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేస్తారు. వెంటనే బోలెడు నీళ్ళతో కడిగి కంటి ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతి అది. నల్లజీడి గురించి చాకలి గుర్తులు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బట్ట మీద ఏళ్ళ తరబడి పోని ఆ నల్లరసం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. వైద్యులు శుద్ధి చేసి వాడతారు, ఆ శుద్ధి యూట్యూబ్ చూసి నేర్చుకునేది కాదు.

అన్నిటికన్నా భయపెట్టేది బ్రహ్మదండి. పసుపు పూలు, తెల్లచారల ముళ్ళ ఆకులు, బీడు భూముల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. ఆ నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా చనిపోయారు, కాళ్ళ వాపులు, ఊపిరాడకపోవడం, గుండె దెబ్బతినడం. ఇది తిన్నవాళ్ళకే అనుకోకండి, ఆ నూనెతో ఒంటికి మర్దన చేసుకున్నవాళ్ళకి కూడా అదే జబ్బు వచ్చినట్టు 1980లలోనే వైద్యపత్రికల్లో రాశారు. "గజ్జికి బ్రహ్మదండి గింజల నూనె మంచిది" అని ఎవరైనా చెబితే వాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

అపోహ: ఆకు గుర్తుపట్టడం ఏముంది, ఫోన్లో యాప్ ఉంది కదా.

వాస్తవం: యాప్ మొదటి అడుగుకి బాగానే ఉంటుంది, చివరి మాట దానిది కాకూడదు. గుంటగలగరే తీసుకోండి. రోడ్డు డివైడర్ల మీద, పార్కుల్లో పాకే పసుపు పూల మొక్కని కోసుకొచ్చి తలనూనె కాచేవాళ్ళున్నారు. మనం వాడే గుంటగలగరకి తెల్లటి చిన్న పూలు, గరుకు ఆకు, తడినేలంటే ఇష్టం, కాలువ గట్ల వెంట, వరిమళ్ళ అంచుల్లో ఉంటుంది. కాడ నలిపి కాసేపు ఆగితే రసం నల్లబడుతుంది. అట్లాగే వినాయక చవితికి మాచిపత్రి అనుకుని వయ్యారిభామ తెచ్చేవాళ్ళని ఏటా చూస్తాను. వయ్యారిభామ చర్మానికి పడనివాళ్ళకి దద్దుర్లు, దురద, మొహం వాపు, దాన్ని తెచ్చి నూనెలో కాచి రాసుకుంటే ఇంకేమన్నా ఉందా!

సరైన మొక్కే దొరికినా చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది, గడ్డిమందు. ఇప్పుడు గట్ల మీద గ్లైఫోసేట్ కొట్టని ఊరు తక్కువ. కొట్టిన తర్వాత కొన్ని రోజుల దాకా మొక్క పచ్చగానే కనబడుతుంది, మీకు తెలియదు. అందుకే పొలం ఆసామిని అడక్కుండా ఆకు కోయను. రోడ్డు పక్కవి, మురుగుకాలువ పక్కవి అసలు వద్దు. ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే గుంటగలగరని కుండీలో పెంచుకోవచ్చు, నీళ్ళుంటే చాలు దానికి.

అపోహ: ఇవన్నీ వేల ఏళ్ళ నాటి మన ఋషులు చెప్పినవి.

వాస్తవం: కొన్ని అవును, అన్నీ కాదు. దెబ్బ తగిలితే పొలంలో వాళ్ళు నలిపి పెట్టే గడ్డి చామంతి, గాయపాకు అంటామే, అది అమెరికా ఖండం ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్క. చరకుడికి, సుశ్రుతుడికి అది తెలిసే అవకాశం లేదు. మన రైతుకూలీలు చూసి, వాడి, తెలుసుకున్న వైద్యం అది, అందులో తక్కువేమీ లేదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో గాయం మానడానికి పనికొచ్చిందని కూడా పత్రాలున్నాయి. అయినా నమిలి ఉమ్మి పెట్టడం మాత్రం మానేయండి. మట్టి పడ్డ గాయాన్ని సబ్బునీళ్ళతో కడిగి టీటీ ఇంజెక్షన్ సంగతి చూసుకోవాలి. లోతు గాయాలు, షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండ్లు, పాముకాటు, వీటికి నా దగ్గర ఏ నూనే లేదు.

అపోహ: కాలిన చోట వెంటనే మలాము రాయాలి.

వాస్తవం: వద్దు. 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి. నూనె, మలాము, టూత్‌పేస్టు, ఇంకు ఏదీ వద్దు.

అపోహ: మలాము గట్టిపడలేదంటే మైనం మంచిది కాదు.

వాస్తవం: మైనం తప్పు అయ్యుండొచ్చు, పారఫిన్ కలిపినవి బజార్లో దొరుకుతాయి. కానీ చాలాసార్లు తప్పు మన కొలతది, మన ఎండది. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది. చలికాలంలో కొబ్బరినూనెతో చేసి బాగా కుదిరిందని మురిసిపోయిన మలాము మే నెల విజయవాడలో జారుడుగా తయారవుతుంది. 100 గ్రాముల నువ్వులనూనెకి నేను 20 గ్రాముల మైనం వేస్తాను, ఎండాకాలం 25. చల్లటి చెంచా మీద ఒక చుక్క వేసి చూడండి, గట్టిదనం అక్కడే తెలిసిపోతుంది. నూనెని బట్టలో రెండుసార్లు వడకట్టాకే మైనం వేయాలి, తర్వాత వడకట్టడం కుదరదు. కలబంద గుజ్జు అందులో కలపమని చెప్పే వీడియోలున్నాయి చూడండి, అవి చేసేవాళ్ళు ఆ డబ్బాని నెల తర్వాత తెరిచి చూపించరు. కలబంద గుజ్జు దాదాపు అంతా నీళ్ళే, మళ్ళీ మొదటి అపోహ దగ్గరికే వచ్చాం.

విటమిన్-ఇ క్యాప్సూల్ వేస్తే పాడవదని ఇంకో మాట. అది నూనె ముక్కవాసన పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, బూజుని ఆపదు. నువ్వులనూనెలో ఆ పని చేసే పదార్థాలు ముందే ఉన్నాయి, అందుకే పెద్దలు దాన్ని ఎంచుకున్నారు. పొద్దుతిరుగుడు నూనెతో తైలాలు చేయకండి, త్వరగా చెడుతుంది.

అపోహ: గుంటగలగర నూనె తెల్లజుట్టుని నల్లగా చేస్తుంది, బట్టతల మీద జుట్టు మొలిపిస్తుంది.

వాస్తవం: బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, దానికి రంగు లోపల కుదురు దగ్గర వేయబడుతుంది. పైన రాసిన నూనె ఆ పని చేయదు. మరి నేనెందుకు కాస్తున్నాను అంటే, జుట్టు చిట్లడం, తెగడం తగ్గుతుంది కాబట్టి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ పోకుండా చూస్తుందని 2003లో ఒక పరిశోధన వచ్చింది (చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్ళే, అది కూడా గుర్తుపెట్టుకోండి). చుండ్రుకి మాత్రం నూనె మందు కాదు. చుండ్రుకి కారణమైన ఫంగస్ నూనెలోని కొవ్వునే తింటుంది, జిడ్డుగా పట్టించి రాత్రంతా ఉంచితే ఇంకా పెరగొచ్చు.

అపోహ: పసిపిల్లలకి ముక్కులో, చెవిలో, బొడ్డులో నూనె వేయాలి, కడుపులో పురుగులకి వేపనూనె పట్టాలి.

వాస్తవం: ఒంటికి మర్దన చేయండి, హాయిగా నిద్రపోతారు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒకరకం న్యుమోనియా వస్తుంది, దగ్గు తప్ప పెద్ద లక్షణం కనబడకుండా ముదురుతుంది. బొడ్డు ఊడేదాకా దాన్ని పొడిగా ఉంచడమే. వేపనూనె పట్టించిన పసిపిల్లలు వాంతులు, ఫిట్స్‌తో ఆసుపత్రి పాలైన సంగతి 1981లో మలేషియా వైద్యులు రాశారు, కొందరు చనిపోయారు. ఎంత నమ్మకమున్న అమ్మమ్మ చెప్పినా సరే, ఒక్క చుక్క కూడా నోట్లో వద్దు.

అపోహ: ఇంట్లో చేసింది కదా, అందరికీ పడుతుంది.

వాస్తవం: మోచేతి లోపలి వైపు కాస్త రాసి రెండు రోజులు చూడండి. వావిలి నూనె నాకు బాగా పడుతుంది, మా ఇంట్లోనే ఇంకొకరికి దురద.

చివరిగా డబ్బు సంగతి. నాలుగు సీసాలు బాగా కుదరగానే ఇన్‌స్టాలో పేజీ పెట్టి అమ్ముదామని చాలామందికి ఉంటుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం ఆయుర్వేద మందుగా అమ్మాలన్నా, సౌందర్య సాధనంగా తయారుచేసి అమ్మాలన్నా లైసెన్సు కావాలి. ఫలానా జబ్బు నయం చేస్తామని మందుల మీద చెప్పుకోకూడని జాబితా ఒకటి ఆ నిబంధనల్లో ఉంది, షెడ్యూల్ జె అంటారు, అందులో బట్టతల, కొత్త జుట్టు మొలిపించడం, బాలనెరుపు కూడా ఉన్నాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే తలనూనె ప్రకటనలు ఆ జాబితా పక్కన పెట్టుకుని ఒకసారి చదవండి. నేనైతే అమ్మను. ఎవరికైనా ఇస్తే సీసా మీద స్టిక్కర్ అంటించి, ఏ ఆకు, ఏ నూనె, కాచిన తేదీ, పైపూతకి మాత్రమే అని రాసి ఇస్తాను.