ఇసుక రేణువుల నడుమ మూడు కొత్త వర్గాలు

సముద్రపు అడుగున ఒక చదరపు మీటరు మేర పరుచుకున్న బురదలో సాధారణంగా పది లక్షల దాకా జంతువులు ఉంటాయి. ఒక మిల్లీమీటరు కన్నాలున్న జల్లెడలోంచి జారిపోయి, 44 మైక్రోమీటర్ల కన్నాలున్న జల్లెడలో నిలిచిపోయేంత చిన్నవి కనుక అవి మామూలు కంటికి దాదాపు ఆనవు. వీటికి మియోబెంథోస్ అని 1942లో పేరు పెట్టినవారు శాస్త్రవేత్త మోలీ మేర్. జంతువులను వంశాన్ని బట్టి కాక జల్లెడను బట్టి విడదీయడం విడ్డూరంగా తోచవచ్చు గాని, ఈ రంగంలో పని మొదలయ్యేదే జల్లెడతో.

ఇసుకలో బతికే జీవికి అలల తాకిడికి కొట్టుకుపోకుండా ఉండటమే ప్రధాన సమస్య. అందుకే వీటిలో చాలావాటికి జిగురు గ్రంథులు ఉంటాయి. అపాయం పసిగట్టగానే రేణువును గట్టిగా కరుచుకుంటాయి. వాటిని విడిపించడానికి నమూనాను మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో కాసేపు నానబెట్టి, జీవులు మత్తులో పట్టు సడలించాక నెమ్మదిగా తిప్పి, ఇసుక కిందికి దిగేలోగా పైనీటిని సన్నని జల్లెడలోకి వంచుతారు. కినోరింకా అనే ముళ్ల జీవులపై దీర్ఘకాలం పరిశోధించిన స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త రాబర్ట్ హిగ్గిన్స్ మరో ఉపాయం వాడేవారు. బురద కలిపిన నీటిలోకి గాలి బుడగలు పంపితే, తడి అంటని చర్మం గల ఆ జీవులు బుడగలతోపాటు పైకి వచ్చి నీటి ఉపరితలానికి అతుక్కుంటాయి. అక్కడ ఒక కాగితాన్ని ఆనించి తీస్తే అవి కాగితంతో వచ్చేస్తాయి. ఇంత చవకైన పరికరంతో సాగే శాస్త్రం అరుదు.

డెన్మార్క్ జంతుశాస్త్రవేత్త రైన్‌హార్ట్ క్రిస్టెన్‌సెన్ వృత్తిజీవితంలో ఈ విడదీసే పనికి ఉన్న విలువ స్పష్టంగా కనిపిస్తుంది. 1982లో ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ సముద్ర పరిశోధన కేంద్రంలో, వ్యవధి చాలక, ఆయన గుల్లముక్కల ఇసుకను మామూలు పద్ధతిలో కాకుండా మంచినీటితో కడిగేశారు. ఉప్పునీటి జీవి ఒక్కసారిగా మంచినీటిలో పడితే ద్రవాభిసరణం వల్ల నీరు దాని శరీరంలోకి చొరబడుతుంది. ఆ తాకిడికి ఎంత మొండి పట్టయినా వదులుతుంది. అలా ఊడివచ్చిన వాటిలో, డింభకాల నుంచి ప్రౌఢజీవుల వరకు, ఏ తెలిసిన వర్గంలోనూ (ఫైలం, అంటే జంతు ప్రపంచపు ప్రధాన విభాగం) ఇమడని జంతువు ఒకటి దొరికింది. సుమారు పావు మిల్లీమీటరు పొడవున్న ఆ దేహంలో మెదడు, కండరాలు, జీర్ణనాళం అన్నీ ఉన్నాయి. చుట్టూ కవచం, తల మీద వరుసలు వరుసలుగా ముళ్లు. 1983లో ఆయన దీనికి నానాలోరికస్ మిస్టికస్ అని పేరు పెట్టి, లోరిసిఫెరా అనే కొత్త వర్గాన్ని స్థాపించారు. డింభకానికి హిగ్గిన్స్ పేరు పెట్టారు.

దీన్ని అదృష్టం ఖాతాలో వేయడం పరిపాటి. మంచినీరు జీవులను విడిపించిన మాట నిజమే గాని, వేలకొద్దీ నెమటోడ్ల (సన్నని గుండ్రటి పురుగుల) మధ్య, కోపెపాడ్ల (రొయ్యల బంధువులైన చిట్టి జీవుల) మధ్య దొర్లుతున్న ఒక నలుసును చూసి, ఇది వీటిలో ఏదీ కాదని తేల్చాలంటే వాటన్నిటినీ క్షుణ్ణంగా ఎరిగి ఉండాలి. ఆ ఎరుకే ఆయన చేత ఈ పనిని మరో రెండుసార్లు చేయించింది. పీటర్ ఫంచ్‌తో కలిసి, నార్వే లాబ్స్టర్ అనే పెద్ద రొయ్యలాంటి జీవి నోటి భాగాల మీద బతికే సింబియాన్ పండోరాను 1995లో కొత్త వర్గంగా, గ్రీన్‌లాండ్‌లోని ఒక చల్లని ఊటలో దొరికిన లిమ్నోగ్నాతియాను 2000లో కొత్త తరగతిగా (వర్గం కన్నా చిన్న విభాగం) వర్ణించారు; ఆ తరగతిని తర్వాత వర్గంగానే పరిగణిస్తున్నారు. రెండోది మంచినీటి జీవి, దాని ఒడలు మిల్లీమీటరులో ఏడో వంతుకు మించదు, అయినా దాని దవడల నిర్మాణం అతి జటిలం. జంతు ప్రపంచమంతటిలో ఉన్న వర్గాలు ముప్పై పైచిలుకే కనుక, ఒకే మనిషి పేరు మూడింటితో ముడిపడటం అసాధారణం.

లోరిసిఫెరా కథ అక్కడితో ఆగలేదు. మధ్యధరా సముద్రంలో 3,000 మీటర్లకు పైబడిన లోతున, ప్రాణవాయువు జాడలేని లాటలాంట్ అనే ఉప్పు మడుగు అడుగున ఇవి జీవితమంతా గడుపుతున్నాయని 2010లో ఇటలీకి చెందిన రాబర్టో దనోవారో బృందం ప్రకటించింది. వాటి కణాల్లో, ప్రాణవాయువుతో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు బదులు, అది లేకుండానే శక్తిని తయారుచేసే హైడ్రోజినోసోమ్‌లను పోలిన భాగాలు ఉన్నాయన్నది వారి ఆధారాల్లో ఒకటి. అవి పైనుంచి రాలిపడిన కళేబరాలు కావచ్చునని మరికొందరు అభ్యంతరం చెప్పారు. అసలు చిక్కు ఎక్కడంటే, అంత లోతు నుంచి బురదను ఓడ మీదికి తెచ్చి జల్లెడ పట్టేసరికి, అందులోని జీవి అక్కడ బతికే ఉండేదా, ముందే చచ్చిందా అన్నది నేరుగా చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ వాదంలో ఇరుపక్షాలూ రంజకాలు పట్టించిన కణజాలాన్ని, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలను ఎక్కువగా పట్టుకుని మాట్లాడుతున్నాయి.