దద్దుర్ల మందు, ఘాట్ రోడ్డు ప్రయాణం

1947లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి ఒక గర్భిణి దద్దుర్లతో వచ్చింది. లెస్లీ గే, పాల్ కార్లినర్ అనే అలర్జీ డాక్టర్లు ఆమెకు కొత్త యాంటీహిస్టమిన్ మాత్ర ఇచ్చారు. ట్రామ్ ఎక్కితే చాలు ఆమెకు కడుపులో తిప్పేది. ఈ మాత్ర వేసుకున్నప్పుడు మాత్రం ఆ బాధే లేదని చెప్పింది. డాక్టర్లు ఆ మాట కొట్టిపారేయలేదు. మరుసటి ఏడాది నవంబరులో సైనికులతో న్యూయార్క్ నుంచి జర్మనీకి బయల్దేరిన ఓడలో కొందరికి మందు, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చి పరీక్షించారు. మందు పనిచేసింది. అదే డైమెన్‌హైడ్రినేట్.

దురదకు వాడే మందు వాంతిని ఎలా ఆపింది? లోపలి చెవిలోని మూడు అర్ధవర్తుల కుల్యల్లో, అంటే వంపు తిరిగిన సన్నని గొట్టాల్లో, ద్రవం ఉంటుంది. తలను తిప్పిన ప్రతిసారీ ఆ ద్రవం కదలిక కబురు నాడుల ద్వారా మెదడుకు చేరుతుంది. తిరుమల ఘాట్‌లో బస్సు మలుపు తిరుగుతుంటే చెవి ‘తిరుగుతున్నాం’ అంటుంది. ఫోన్ చూస్తున్న కన్ను ‘కదలడమే లేదు’ అంటుంది. ఈ పేచీ వల్లే వికారం పుడుతుందన్నది ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకునే వివరణ. చెవి నుంచి వచ్చే కబురును అందుకునే మెదడు భాగాల్లో హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే కబురు మోసే రసాయనాలు పనిచేస్తుంటాయి. పాత తరం యాంటీహిస్టమిన్లు మెదడులోకి చొరబడి రెండింటినీ అడ్డుకుంటాయి. నిద్ర ముంచుకొచ్చేది అందుకే. ఎసిటైల్‌కోలిన్‌ను ఒంట్లో మిగతాచోట్లా అడ్డుకోవడం వల్ల నోరూ ఎండిపోతుంది. మెదడులోకి పెద్దగా వెళ్లని ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్త మందులు అలర్జీ జలుబు, దద్దుర్లకు బాగుంటాయి కానీ బస్సులో ఉపయోగపడవు.

మన మందుల షాపుల్లో ఎక్కువగా అడిగేది అవోమిన్. అందులో ఉండేది ప్రొమెథజిన్. దాన్ని వాంతి మొదలయ్యాక మింగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వికారం పట్టుకున్నాక కడుపు కదలిక మందగిస్తుంది, మాత్ర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. ఇలాంటి మాత్రలు బండెక్కకముందే వేసుకోవాలి. సిన్నరిజిన్ అనే మరో మాత్ర అయితే రెండు గంటల ముందు. వేసుకున్నవాళ్లు డ్రైవింగ్ చేయకూడదు, మద్యం ముట్టకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రొమెథజిన్ అసలు ఇవ్వకూడదు, ఊపిరికే ప్రమాదం. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వాడాలి.

కళ్లు తిరిగే జబ్బుకు, అంటే వర్టిగోకు, ఇవే మాత్రలు రాస్తారు. ఇక్కడే నాకు ఎక్కువ ఆందోళన. లోపలి చెవి నాడి ఒక్కసారిగా దెబ్బతిని గది గిర్రున తిరుగుతుంటే మొదటి రెండు మూడు రోజులు ఇవి నిజంగా ఆదుకుంటాయి. ఆ తర్వాత మెదడు ఆ లోటును సర్దుకోవడం నేర్చుకోవాలి. నెలల తరబడి మాత్రలు మింగితే ఆ నేర్పు ఆలస్యమవుతుంది. పెద్ద వయసువాళ్లు సిన్నరిజిన్ దీర్ఘకాలం వాడితే చేతులు వణకడం, నడక నెమ్మదించడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు రావచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బాలో పాత చీటీ మీద కొంటున్న ఈ మాత్ర ఉందేమో ఒకసారి చూడండి.

మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు మాత్రమే కొన్ని సెకన్లు తల తిరుగుతుంటే, చాలాసార్లు కారణం లోపలి చెవిలో చోటు తప్పిన సన్నని కాల్షియం రేణువులు. వాటిని ఏ మాత్రా వెనక్కి పంపలేదు. డాక్టర్ తలను వరసగా కొన్ని కోణాల్లో తిప్పి చేసే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండు సార్లలోనే తగ్గిపోతుంది.