మహానగరానికి పొలిమేర ఎక్కడ?

ప్రపంచంలో అతి పెద్ద నగరం ఏదంటే చాలా ఏళ్ళుగా అందరూ చెప్పే జవాబు టోక్యో. 2018లో ఐక్యరాజ్యసమితి వేసిన లెక్కలోనూ అదే, 3 కోట్ల 70 లక్షల మందితో మొదటి స్థానం, జకార్తా అయితే కోటి పైచిలుకు జనంతో ఎక్కడో కింద ఉంది. 2025 నివేదికకి వచ్చేసరికి జకార్తా దాదాపు 4 కోట్ల 20 లక్షలతో పైకెక్కి కూర్చుంది. ఢాకా రెండు, టోక్యో 3 కోట్ల 30 లక్షలతో మూడు. ఏడేళ్ళలో మూడు కోట్ల మంది మూటాముల్లె సర్దుకుని జకార్తా వెళ్ళలేదు కదా! వాళ్ళలో చాలామంది ముందు నుంచీ ఆ చుట్టుపక్కలే, బెకాసీలోనో టాంగెరాంగ్‌లోనో డెపోక్‌లోనో ఉన్నారు. మారింది నగరం చుట్టూ గీసే గీత.

అంతకుముందు ఎవరి గీత వాళ్ళదే. డెన్మార్క్‌లో 200 మంది ఒకచోట ఉంటే పట్టణం కింద లెక్క, జపాన్‌లో నగరం హోదా కావాలంటే మామూలుగా 50,000 మంది ఉండాలి. పరిపాలన హద్దుల సంగతి ఇంకా విచిత్రం. చైనాలోని చోంగ్‌చింగ్ మున్సిపాలిటీ 82,000 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు ఆస్ట్రియా దేశమంత, అందులో ఎక్కువ భాగం కొండలూ పొలాలే. ఇటు చూస్తే సిటీ ఆఫ్ లండన్ అని అధికారికంగా పిలిచేది మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు, 2021 జనాభా లెక్కల్లో కాపురం ఉండేవాళ్ళు పదివేలకి లోపే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పెద్దది ఏది అని అడగడంలో అర్థం ఏముంది?

అందుకే 2020 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఒక పద్ధతికి ఆమోదముద్ర వేసింది, 2025 నివేదికలో గీత మారింది దీనివల్లే. పేరు ‘డిగ్రీ ఆఫ్ అర్బనైజేషన్’, పేరుకే గంభీరం, పని మాత్రం గళ్ళ కాగితం మీద చేసేదే. మున్సిపాలిటీల హద్దులు మొత్తం మర్చిపోయి భూమిని కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న గళ్ళుగా కోస్తారు. ఏ గడిలో 1,500 మందికి తగ్గకుండా ఉన్నారో దానికి రంగు వేస్తారు. రంగు పడ్డ గళ్ళు ఒకదాన్ని ఒకటి ఆనుకుంటూ వెళ్ళి, అన్నిట్లో కలిపి 50,000 మంది ఉంటే అది నగర కేంద్రం. మూలలు తాకితే సరిపోదు, పక్కపక్క ఇళ్ళకి ఉమ్మడి గోడ ఉన్నట్టు రెండు గళ్ళకీ ఒక అంచు కలవాలి.

మరి నడిమధ్యలో పార్కో రైల్వే యార్డో ఉంటే? అక్కడ మనుషులు ఉండరు, గడి ఖాళీగా మిగిలి మ్యాప్‌కి చిల్లు పడుతుంది. దానికీ ఒక ఉపాయం ఉంది: చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళలో కనీసం ఐదు నగరంలో ఉంటే మధ్యదాన్ని కూడా కలిపేసుకుంటారు.

నాకు ఇందులో బాగా ఆసక్తిగా అనిపించేది ఆ 1,500 అన్న అంకె. ఇంచుమించు ఒకేంత జనాభా ఉన్న రెండు పట్టణాల మధ్య రోడ్డు ఉంది, దాని వెంబడి నాలుగైదు గళ్ళలో తలా 1,450 మంది ఉన్నారనుకోండి. కటాఫ్ 1,500 అయితే అవి రెండు వేర్వేరు ఊళ్ళు. 1,400కి దించగానే మధ్య గళ్ళన్నీ ఒక్కసారి వెలిగి రెండూ ఒకే నగరం అయిపోతాయి, జనాభా రాత్రికి రాత్రే రెట్టింపు. అంటే కటాఫ్ కొంచెం తగ్గిస్తే నగరం కూడా కొంచెమే పెరుగుతుందని నమ్మకం లేదు, చాలాసేపు కదలకుండా ఉండి హఠాత్తుగా ఒక గెంతు గెంతుతుంది.

ఇంతకీ ఏ గడిలో ఎంతమంది ఉన్నారో ఎవరు చెప్పారు? గడి గడికీ వెళ్ళి తలలు లెక్కపెట్టే దేశాలు చాలా తక్కువ. జనాభా లెక్కలు ఊరికో వార్డుకో ఒక మొత్తంగా వస్తాయి. ఆ మొత్తాన్ని ఉపగ్రహ చిత్రాల్లో కట్టడాలు కనిపించిన చోట్ల పంచుతారు. 2008లో అమెరికా తన లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలని ఉచితం చేయడం, 2015 నుంచి యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 పది మీటర్ల వివరంతో చిత్రాలు పంపడం, ఈ రెండూ లేకపోతే ఈ పని ఇంత దూరం వచ్చేది కాదు. కానీ పైనుంచి చూస్తే గోదాము కప్పు కూడా కప్పే కదా, జాగ్రత్త పడకపోతే మనిషి పొడ లేని గోదాములో కంప్యూటర్ కొన్ని వందల మంది చేత కాపురం పెట్టిస్తుంది. అందుకే కొత్త డేటాలో నివాసం కాని కట్టడాలని విడదీసే ప్రయత్నం చేస్తున్నారు. ఎండిపోయిన నేల కూడా కొన్నిసార్లు కాంక్రీటులా కనిపించి మోసం చేస్తుంది.

రాత్రి వెలుగుల చిత్రాలతో హద్దులు గీద్దామని చూసినవాళ్ళూ ఉన్నారు. చూడటానికి భలే అందంగా ఉంటాయి గానీ వెలుగు ఉన్నచోటే ఆగదు, పాత ఉపగ్రహాల చిత్రాల్లో తీర నగరాల కాంతి సముద్రం మీదకి పొంగినట్టు ఉంటుంది. అమెరికాలో నార్త్ డకోటా చమురు బావుల దగ్గర మండించే గ్యాస్ మంటలైతే ఆ మ్యాపుల్లో అచ్చం మహానగరంలా మెరుస్తాయి!

జనం ఎక్కడ పడుకుంటారు అని కాకుండా పొద్దున్నే ఎక్కడికి పనికి వెళ్తారు అని చూసే పద్ధతి ఇంకొకటి ఉంది. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ లెక్కలో ఒక ప్రాంతంలోని ఉద్యోగుల్లో 15 శాతం మంది నగర కేంద్రానికి పనికి వెళ్తుంటే ఆ ప్రాంతమూ నగరంలో భాగమే, మధ్యలో పొలాలున్నా సరే. ఇలాంటి రాకపోకల లెక్కలు అన్ని దేశాల్లో దొరకవు, అదే చిక్కు.

గళ్ళ డేటా మాత్రం ఎవరికైనా దొరుకుతుంది. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం ‘గ్లోబల్ హ్యూమన్ సెటిల్‌మెంట్ లేయర్’ పేరుతో ప్రపంచం మొత్తానికీ ఉచితంగా పెట్టింది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, మీకు తెలిసిన ఏ నగరమైనా తీసుకుని 1,500కి రంగు వేసి చూడండి, తర్వాత వందేసి తగ్గిస్తూ పోండి. ఎక్కడో ఒకచోట పక్క ఊరు వచ్చి అతుక్కుంటుంది. అప్పుడు ఏ గడి దగ్గర అతుక్కుందో జూమ్ చేస్తే అక్కడ మీకు ఓ వంతెనో, రోడ్డు పక్కన కొత్తగా లేచిన నాలుగు కాలనీలో కనిపించొచ్చు.