జూనియర్లకు బంగారం, జంటకు భంగపాటు: పోలెండ్ స్పీడ్‌వే లెక్క తప్పింది ఎక్కడ?

స్పీడ్‌వే అంటే బ్రేకుల్లేని మోటార్‌సైకిళ్ళతో మట్టి ట్రాక్‌పై సాగే పందెం. దేశాల జంటలు తలపడే స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్‌లో పోలెండ్ జంట ఓడిన ప్రతిసారీ అక్కడి లీగ్‌లో కుర్రాళ్ళ కోటా మీద, అంటే జట్టులో స్వదేశీ జూనియర్లు ఉండి తీరాలన్న నిబంధన మీద, రచ్చ మొదలవుతుంది. రికార్డు చూస్తే కుర్రాళ్ళను తప్పుపట్టడానికి నోరు రాదు. 2005 నుంచి 2021 దాకా 17 సార్లు జరిగిన అండర్-21 ప్రపంచ టీమ్ పోటీలో 14 సార్లు గెలిచింది పోలెండే. 2010, 2013లో డెన్మార్క్, 2011లో రష్యా అడ్డుపడ్డాయి, అంతే.

అసలు మలుపు 2018. అప్పటిదాకా సీనియర్ల వరల్డ్ కప్‌లోనూ, జూనియర్ పోటీలోనూ ఒక్కో హీట్‌లో (నలుగురు రైడర్ల చిన్న రేసులో) ఒక్కో జట్టు నుంచి ఒక్కడే దిగేవాడు. పాయింట్లు 3-2-1-0. జట్టులో నాలుగోవాడు కూడా గట్టివాడైతే కప్పు చేతికొచ్చినట్టే. 2018లో వరల్డ్ కప్ తీసేసి, హీట్‌లో జట్టుకు ఇద్దరేసి దిగే జంటల పోటీ, అదే స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్, పెట్టారు. 2024 దాకా అది ఆరుసార్లు జరిగితే పోలెండ్‌కు ఒక్క బంగారమూ లేదు. 2021లో మాంచెస్టర్ ఫైనల్లో బ్రిటన్ చేతిలో ఓడారు. 2023లో వరల్డ్ కప్ తిరిగొచ్చిందో లేదో, వ్రొత్స్వాఫ్‌లో మళ్ళీ పోలెండే గెలిచింది.

జంటల పోటీలో పాయింట్లు 4-3-2-0. మొదటివాడూ చివరివాడూ మీవాళ్ళైతే 4, రెండు, మూడు స్థానాలు పట్టిన ప్రత్యర్థికి 5. పాత లెక్కలో ఇది 3-3 సమానం. అంటే ముందున్నవాడు వెనక్కి చూసుకోవాలి, మలుపులో లైను వెడల్పు చేసి ప్రత్యర్థిని అడ్డుకోవాలి, తోటివాడికి లోపల దారి వదలాలి. బండికి బ్రేకుల్లేవు. వేగమంతా థ్రాటిల్‌తోనే సర్దుకోవాలి. అర సెకను ముందు మూశాడా, తోటివాడే వెనక చక్రానికి తగులుతాడు.

పోలెండ్ అగ్రశ్రేణి లీగ్ ఎక్స్‌ట్రాలిగాలో కుర్రాళ్ళకు ఈ పని నేర్పేది తక్కువ. ప్రతి జట్టులో ఇద్దరు స్వదేశీ జూనియర్లు తప్పనిసరి, రెండో హీట్ పూర్తిగా వాళ్ళదే. ట్రాక్ అప్పటికింకా చెదరదు. క్లచ్ వదలడం, మొదటి మలుపు పట్టడం బాగా వస్తే చాలు, ముందుపడ్డవాడు ముందే ఉంటాడు. గుంటలు పడ్డాక, మూడో స్థానం నుంచి పైకి రావడం వేరే విద్య.

ఇంకో లోపం 22వ ఏట బయటపడుతుంది. కోటా అయిపోతుంది. గ్రాండ్‌ప్రీ (సీనియర్ ప్రపంచ వ్యక్తిగత పోటీ) రైడర్లతో సమానంగా సీటు కోసం పోటీ పడాలి, లేదా రెండో అంచె లీగ్‌కు దిగాలి. 2021లో తెచ్చిన అండర్-24 స్థానం ఈ ఖాళీ పూడ్చడానికే అన్నారు, కానీ దానికి దేశం షరతు లేదు. క్లబ్బులు విదేశీ కుర్రాడిని తెచ్చి కూర్చోబెట్టినా చెల్లుతుంది. మరుసటి ఏడు అండర్-24లకు విడిగా లీగ్ కూడా పెట్టారు.

కోటా లేకుంటే పోలెండ్ రైడర్ జ్మార్జ్లిక్ లాంటివాడు తయారయ్యేవాడా అని సమర్థించేవాళ్ళు అడుగుతారు. 2015లో అండర్-21 చాంపియన్, 2019లో సీనియర్ ప్రపంచ విజేత. నిజమే. కానీ ఆ తర్వాత అండర్-21 వ్యక్తిగత టైటిల్ గెలిచిన ద్రాబిక్, స్మెక్తావా, మిష్కోవియాక్, చెర్నియాక్‌లలో సీనియర్ కిరీటం దాకా వెళ్ళినవాడు ఇంతవరకూ లేడు.

2022 నుంచి జూనియర్ల టీమ్ పోటీ కూడా జంటలదే అయింది. లీగ్‌లో రెండో హీట్ మాత్రం అలాగే ఉంది.