భోజనబల్లల దగ్గర నుంచి రథం దాకా

ప్రియమైన పిల్లలకు,

ఆదివారం ఆరాధన ముగిశాక మీలో ఒకరు అడిగారు: "సంఘం అందరినీ ప్రేమిస్తే చాలదా తాతయ్యా? యేసు గురించి చెప్పడం కూడా ఎందుకు? చెబితే కొందరికి కోపం వస్తుంది కదా!" పెద్దవాళ్లు కూడా అడగడానికి జంకే ప్రశ్న ఇది.

నా చిన్నప్పుడు పొయ్యి ఆరిపోతే నిప్పు తెమ్మని అమ్మ పక్కింటికి పంపేది. పెంకు పట్టుకుని పరుగెత్తేవాణ్ణి. మా పొయ్యి ఎందుకు ఆరిందని ఆ ఇంటి పెద్దమ్మ ఎన్నడూ అడగలేదు. తన పొయ్యిలోంచి రెండు కణికలు తీసి, పైన కాస్త బూడిద కప్పి ఇచ్చేది. ఇచ్చినందుకు ఆమె పొయ్యిలో మంటేమీ తగ్గేది కాదు. ఒక్కోసారి దారిలోనే ఆరిపోయేది. మళ్లీ వెళ్తే మళ్లీ ఇచ్చేది. ఇంటికొచ్చాక ఊదడం ఇంకో పని. గట్టిగా ఊదితే బూడిదంతా కళ్లలో పడుతుంది, రవ్వలు చెదిరిపోతాయి. మెల్లగా, ఓపిగ్గా ఊదాలి.

సంఘంలోని ప్రేమ ఆ పొయ్యి. యేసు గురించి చెప్పే మాట ఆ కణిక. పొయ్యి ఆరిన ఇంటికి నిప్పు కోసం ఎవరు వెళ్తారు? అలాగని, మన ఇల్లు వెచ్చగా ఉంది కదా అని తలుపేసుకుని కూర్చుంటే అదీ ప్రేమ కాదు. యేసు శిష్యుడు పేతురు కూడా తన మొదటి పత్రికలో, మీ నిరీక్షణకు కారణం అడిగినవాళ్లకు జవాబు చెప్పండి, అదీ సాత్వికంగా చెప్పండి అన్నాడు. అన్నం పెట్టి, తిన్నావు కాబట్టి మా మందిరానికి రా అనడం బేరం. బెదిరించి చెప్పేదైతే సువార్తే కాదు.

మొదటి సంఘంలోనూ గొడవ వచ్చింది, తెలుసా? యెరూషలేములో రోజూ జరిగే భోజన పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందలేదు. సణుగుడు మొదలైంది. అపొస్తలులు, అంటే యేసు పంపిన శిష్యులు, సంఘాన్నంతా పిలిచి, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... ఏడూ గ్రీకు పేర్లే! నష్టపోయామన్నవాళ్ల భాష తెలిసినవాళ్ల చేతికే పంపకం అప్పగించారన్నమాట. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది.

భోజనబల్లల దగ్గర సేవకు ఎంపికైన ఆ ఫిలిప్పే తర్వాత గాజా దారిలో ఐతియొపీయుల రాణి ఖజానా అధికారి రథం పక్కన పరుగెత్తాడు. ఆ అధికారి యెషయా ప్రవక్త గ్రంథం చదువుకుంటున్నాడు. ఫిలిప్పు ప్రసంగంతో మొదలుపెట్టలేదు. చదివేది అర్థమవుతోందా అని అడిగాడు. అధికారి రమ్మన్నాకే రథమెక్కి, పక్కన కూర్చుని యేసు గురించి చెప్పాడు. అన్నం పంచిన మనిషే మాటా పంచాడు.

సంఘం అలా బతికినప్పుడు గిట్టనివాళ్లకూ కనబడుతుంది. 361 నుంచి 363 వరకు రోమును ఏలిన చక్రవర్తి జూలియన్‌కు క్రైస్తవులంటే పడదు. ఆయనే ఒక పూజారికి ఉత్తరం రాస్తూ, వీళ్లు తమ పేదలనే కాదు, మన పేదలనూ పోషిస్తున్నారని వాపోయాడు.

ఫిలిప్పు కథ ఇంకా ఉంది. స్తెఫనును రాళ్లతో కొట్టి చంపారు. సౌలు అనే యువకుడు దానికి సమ్మతించి, ఆ తర్వాత ఇంటింటా జొరబడి విశ్వాసులను చెరసాలకు ఈడ్చుకుపోయాడు. ఫిలిప్పు యెరూషలేము విడిచి వెళ్లింది ఆ హింస మూలంగానే. ఏళ్లు గడిచాక కైసరయలో ఫిలిప్పు ఇంటికి ఒక అతిథి వచ్చాడు. ఎవరో నేను చెప్పను. బైబిల్లో అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం 9వ వచనంలో సౌలుకున్న రెండో పేరు చూసుకుని, 21వ అధ్యాయం 8వ వచనం తెరవండి. ఆ రాత్రి ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారో మీకు తోచింది నాకు రాయండి.

మీ తాతయ్య